కేవిటీలో అణువు: ఏ మెథడ్ అని అడిగే ముందు ఎన్ని అణువులో తేల్చుకోండి

తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను కుదించి మళ్లీ రాస్తున్నాను. మీరు పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. రెండు అద్దాల మధ్య, అంటే ఆప్టికల్ కేవిటీలో, పెట్టిన అణువుల్లో చీకట్లో, ఉష్ణశక్తితో మాత్రమే జరిగే (గ్రౌండ్ స్టేట్) రసాయన చర్య వేగం ఎందుకు మారుతుందో సిమ్యులేషన్‌లో చూపించాలి. క్యూటిప్ అనే క్వాంటం సిమ్యులేషన్ లైబ్రరీలో ఒక అణువు, ఒక కాంతి మోడ్ (కేవిటీలో నిలిచే ఒక పౌనఃపున్యపు కాంతి) తీసుకుని, ప్రయోగంలో కనబడినంత రాబి స్ప్లిట్టింగ్ (స్పెక్ట్రంలో శిఖరం రెండుగా చీలడం) మీ స్పెక్ట్రంలో వచ్చేదాకా కప్లింగ్, అంటే అణువుకు కాంతికి మధ్య బంధం, పెంచారు. చర్య వేగం బాగా మారింది. గైడ్‌గారు పేపర్ రాయమంటున్నారు. రివ్యూయర్లు ఒప్పుకోవాలంటే ఎంసీటీడీహెచ్‌కి (చాలా నిరూపకాల వేవ్ ఫంక్షన్‌ని కుదించి నడిపే పద్ధతి) మారాలా, సర్ఫేస్ హాపింగ్ (అణుకేంద్రాలను క్లాసికల్‌గా నడిపి, ఎలక్ట్రానిక్ స్థితుల మధ్య గెంతించే పద్ధతి) సరిపోతుందా, ఫోటాన్ స్థాయిలు రెండు పెడితే సరిపోతుందా అన్నది మీ సందేహం.

మెథడ్ సంగతి తర్వాత చూద్దాం. ఎంత ఖరీదైన మెథడ్ వాడినా మీరు పెట్టిన హామిల్టోనియన్‌కే, అంటే వ్యవస్థ శక్తిని రాసిన సూత్రానికే, జవాబు చెబుతుంది. ముందు ఆ హామిల్టోనియన్‌లో మీరు పెట్టిన కప్లింగ్ ఒక అణువుదా, గుంపు మొత్తానిదా అన్నది తేలాలి.

ప్రయోగంలో కనబడే స్ప్లిట్టింగ్ గుంపుది. జేన్స్, కమింగ్స్ 1963లో ఒక్క అణువుకు, ఒక్క మోడ్‌కు లెక్క కట్టారు. 1968లో టావిస్, కమింగ్స్ అదే మోడ్‌కు ఎన్నో రెండు స్థాయిల అణువులను తగిలించి కచ్చితంగా సాధించారు. ఒక్కో అణువు కప్లింగ్‌ని జి అనుకుంటే, ఎన్ అణువులున్నప్పుడు రెండు శిఖరాల మధ్య ఎడం జికి రెండు రెట్లు ఉండదు, దాన్ని ఎన్ వర్గమూలంతో గుణించినంత ఉంటుంది. ఇది మీకు తెలియదని కాదు, అన్ని రివ్యూ పేపర్లలోనూ మొదటి పేజీలోనే ఉంటుంది. కానీ అంకెలు వేసి చూస్తే తప్ప దీని తీవ్రత తెలియదు.

స్ట్రాస్‌బర్గ్‌లో థామస్ ఎబ్బెసెన్ బృందం 2015లో ప్రచురించిన పాలీవినైల్ అసిటేట్ ప్రయోగం తీసుకోండి. ఫెవికాల్ తరహా తెల్ల జిగురులో ఉండే పాలిమరే అది. దాని కార్బనైల్ (కార్బన్–ఆక్సిజన్ డబుల్ బాండ్) కంపనం 1740 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే లెక్క, ఇక్కడ శక్తికి కొలమానం) దగ్గర ఉంటుంది. కేవిటీని అక్కడికి ట్యూన్ చేస్తే శిఖరం రెండుగా చీలి, మధ్యలో 165 వేవ్‌నంబర్ల పైచిలుకు ఎడం వచ్చింది. అంటే గుంపు కప్లింగ్ సుమారు 83.

ఇప్పుడు ఒక్క కార్బనైల్‌కు లెక్క వేద్దాం. 1740 వేవ్‌నంబర్లంటే తరంగదైర్ఘ్యం 5.75 మైక్రాన్లు. వక్రీభవన గుణకం 1.4 అనుకుంటే పాలిమర్ లోపల 4.1 మైక్రాన్లు. మోడ్ ఘనపరిమాణాన్ని దాని ఘనంగా, 70 ఘన మైక్రాన్లుగా తీసుకుందాం. ఇలా ఎదురెదురుగా రెండు అద్దాలున్న ఫాబ్రీ–పెరో కేవిటీకి పక్కల గోడలుండవు కాబట్టి ఇది మోటు అంచనాయే, అయినా మనకు కావలసిన పనికి చాలు. ట్రాన్సిషన్ డైపోల్ (కంపనం కాంతితో ఎంత గట్టిగా తగులుకుంటుందో చెప్పే రాశి) 0.3 డెబై అనుకుందాం. అటామిక్ యూనిట్లలోకి మారిస్తే డైపోల్ 0.118, పౌనఃపున్యం 0.0079, ఘనపరిమాణం 4.7 × 10¹⁴. పౌనఃపున్యాన్ని 2 పై తో గుణించి, ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, డైపోల్‌తో గుణిస్తే 1.2 × 10⁻⁹ హార్ట్రీ వస్తుంది. అంటే 0.00027 వేవ్‌నంబర్లు.

83ని 0.00027తో భాగించండి, మూడు లక్షలు వస్తుంది. దాని వర్గమే ఎన్: దాదాపు 10¹¹, అంటే పదివేల కోట్లు. పాలిమర్ సాంద్రత నుంచి వేరే దారిలో లెక్కించినా, 70 ఘన మైక్రాన్లలో సుమారు 6 × 10¹¹ కార్బనైల్ గ్రూపులుంటాయి. అన్నీ ధ్రువణ దిశకు తిరిగి ఉండవు కాబట్టి మూడో వంతు, అన్నీ స్థిర తరంగం శిఖరం దగ్గర ఉండవు కాబట్టి అందులో సగం. మళ్లీ 10¹¹ దగ్గరికే వచ్చాం. ఇంత మోటు లెక్కకు రెండు దారులూ ఇలా కలవడం ఊరటే.

అంటే మీరు ప్రతి అణువుకూ ఉండే నిజమైన కప్లింగ్‌ని మూడు లక్షల రెట్లు పెంచి ఒకే అణువు నెత్తిన పెట్టారు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 208 వేవ్‌నంబర్లు. 83 వేవ్‌నంబర్ల కప్లింగ్ దాని పక్కన నిలబడుతుంది, అణువు గతిని మారుస్తుంది. 0.00027 ఏం మారుస్తుంది? మీకు వచ్చిన ఫలితం ఆ హామిల్టోనియన్‌కు సరైన జవాబే కావచ్చు. ఆ హామిల్టోనియన్ మాత్రం ప్రయోగశాలలోని కేవిటీది కాదు.

ఒక్క అణువు మోడల్ పూర్తిగా వ్యర్థమని అనడం లేదు. 2016లో కేంబ్రిడ్జ్‌లో రోహిత్ చిక్కరడ్డి, జెరెమీ బామ్‌బర్గ్ తదితరులు బంగారు అద్దం మీద బంగారు నానో కణం పెట్టి, మధ్య 1 నానోమీటరు కూడా లేని సందులో మిథిలీన్ బ్లూ అణువులను నిలబెట్టారు. మోడ్ ఘనపరిమాణం 40 ఘన నానోమీటర్ల కంటే తక్కువ. పది అణువులకు స్ప్లిట్టింగ్ 300 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, ఒక్క అణువుకు 90. రూట్ పది 3.16, దాన్ని 90తో గుణిస్తే 285. వర్గమూలం సూత్రం కళ్లెదుటే ఉంది. మీ మోడల్ అలాంటి కేవిటీకి దగ్గర. కానీ అక్కడికి వెళితే ఇంకో చిక్కు: అంత ఇరుకైన సందులో విద్యుత్ క్షేత్రం అణువు పొడవునా ఒకేలా ఉండదు, లోహంలో నష్టాలు ఎక్కువ, మోడ్ ఒక్కటే ఉండదు. ఏ కేవిటీ అన్నది ఎంచుకున్నాకే మోడల్ రాయాలి.

కంప్యుటేషనల్ పేపర్లలో తరచూ కనబడే ఒక అంకె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కప్లింగ్ బలాన్ని లాంబ్డా అనే గుర్తుతో రాసి, 0.05 అటామిక్ యూనిట్లుగా పెడుతుంటారు. దాన్ని ఘనపరిమాణంలోకి మార్చి చూశారా? 4 పై ని లాంబ్డా వర్గంతో భాగిస్తే సుమారు 5000 ఘన బోర్లు, అంటే 0.75 ఘన నానోమీటరు. చిక్కరడ్డి వాళ్ల సందు కన్నా యాభై రెట్లు చిన్నది. ఆ పేపర్లు తప్పని కాదు, మెథడ్ పరీక్షించడానికి అలాంటి అంకె సౌకర్యంగా ఉంటుంది. ఆ అంకెను తీసుకొచ్చి ఫాబ్రీ–పెరో ప్రయోగాన్ని వివరించామంటే మాత్రం నేల విడిచి సాము చేయడమే.

ఇక హామిల్టోనియన్ రూపం. మీరు వాడిన జేన్స్–కమింగ్స్ రూపంలో శాశ్వత డైపోల్ లేదు, ఎదురు తిరిగే (కౌంటర్ రొటేటింగ్) పదాలు లేవు, కింద వివరించే డైపోల్ సెల్ఫ్ ఎనర్జీ లేదు. లేజర్‌తో ఉత్తేజపరిచి, ఒక్క ఫోటాన్ పరిధిలో జరిగే ఫోటోకెమిస్ట్రీకి చాలాసార్లు ఇది నడిచిపోతుంది. చీకట్లో, ఉష్ణశక్తితో మాత్రమే జరిగే గ్రౌండ్ స్టేట్ చర్యకు నడవదు. అక్కడ ఈ పదాలన్నీ ఉండే పౌలీ–ఫియర్జ్ రూపంతో మొదలుపెట్టండి. కేవిటీ మోడ్‌ని ఒక హార్మోనిక్ ఆసిలేటర్‌గా, క్యూ అనే నిరూపకంతో రాసి, లాంగ్ వేవ్‌లెంత్ ఉజ్జాయింపు (అణువు పొడవునా క్షేత్రం ఒకేలా ఉందనుకోవడం) తీసుకుంటే కాంతి భాగం స్థితిజశక్తి ఇలా వస్తుంది: సగం ఒమేగా వర్గం, ఇంటూ (క్యూ మైనస్ లాంబ్డా మ్యూ బై ఒమేగా) వర్గం; ఒమేగా కేవిటీ పౌనఃపున్యం, మ్యూ అణువు డైపోల్. మొత్తం ఒకే వర్గం కింద ఉంది, గమనించండి. విప్పితే మూడు పదాలు: ఆసిలేటర్, క్యూకి డైపోల్‌కి మధ్య కప్లింగ్, చివరగా డైపోల్ వర్గం. ఈ మూడోదే సెల్ఫ్ ఎనర్జీ.

ఆ మూడో పదాన్ని చిన్నదే కదా అని వదిలేస్తే ఏమవుతుంది? క్యూని దానికి నచ్చిన చోటికి జరగనివ్వండి. కప్లింగ్ పదం వల్ల శక్తి, డైపోల్ వర్గానికి అనుపాతంలో కిందికి పోతుంది. డైపోల్ పెరిగేకొద్దీ ఇంకా కిందికి. ఆపేవాళ్లుండరు. ఎలక్ట్రాన్ దూరంగా పోతే డైపోల్ పెరుగుతుంది కాబట్టి అసలు గ్రౌండ్ స్టేట్ అన్నదే ఉండదు. 2018లో రోకాజ్, రుగ్గెంథాలర్, రూబియో తదితరులు దీన్నే చూపించారు. చిన్న బేసిస్ సెట్‌లో (వేవ్ ఫంక్షన్‌ని రాయడానికి ఎంచుకున్న ఫంక్షన్ల సమితిలో) ఈ పతనం బయటపడదు, అందుకే చాలామంది గమనించరు. గ్రిడ్ పెంచుతూ పోతే శక్తి జారుతూనే ఉందంటే అనుమానించాల్సింది దీన్నే.

ఆ వర్గం రూపంలోనే ఇంకో ముఖ్యమైన ఫలితం దాగి ఉంది. క్యూని క్లాసికల్‌గా తీసుకుని, సమతాస్థితిలో దాని మీద ఇంటిగ్రేట్ చేయండి. గాసియన్ ఇంటిగ్రల్ కదా, మధ్యబిందువు ఎక్కడున్నా విలువ ఒకటే. అంటే డైపోల్ ఎంతైనా జవాబు మారదు. అణువుల మీన్ ఫోర్స్ పొటెన్షియల్ (మిగతావన్నీ సగటు చేశాక అణువుకు కనబడే శక్తి వక్రం) కేవిటీ ఉన్నా లేకున్నా ఒకటే! లీ, నిట్జాన్, సుబోత్నిక్ 2020లో ఈ సంగతి స్పష్టంగా రాశారు. అదే ఏడాది కాంపోస్-గొంజాలెజ్-అంగులో, యుయెన్-జౌ మామూలు ట్రాన్సిషన్ స్టేట్ థియరీలో (బారియర్, అంటే చర్య దాటాల్సిన శక్తి గట్టు, ఎత్తును బట్టి చర్య రేటు కట్టే సిద్ధాంతంలో) గుంపు కప్లింగ్ రేటును మార్చదని చూపించారు. కాబట్టి “కేవిటీ వల్ల బారియర్ ఎత్తు మారింది” అని మీ డ్రాఫ్ట్‌లో రాసిన వాక్యాన్ని ముందు పక్కన పెట్టండి. ప్రభావం ఉంటే అది గతిశాస్త్రంలో ఉండాలి: బారియర్‌ని ఎన్నిసార్లు దాటి వెనక్కి వస్తుంది, శక్తి ఎంత త్వరగా చేరుతుంది, ఎంత త్వరగా పోతుంది అనే చోట.

గతిశాస్త్రం వైపు నుంచి వచ్చిన వాటిలో నాకు నమ్మదగ్గదిగా కనబడేది 2023లో లిండోయ్, మండల్, రీక్‌మన్ చేసిన లెక్క. రెండు బావుల పొటెన్షియల్‌లో ఒక చర్యా నిరూపకం, ఒక కేవిటీ మోడ్, రెంటికీ విడివిడిగా బాత్‌లు (శక్తిని ఇచ్చిపుచ్చుకునే పరిసరాలు). హెచ్ఈఓఎం అనే పద్ధతిలో (బాత్ ప్రభావాన్ని అంచెలంచెల సమీకరణాలుగా కట్టేది), క్వాంటం గతిని ఉజ్జాయింపుల్లేకుండా నడిపారు. ఘర్షణ తక్కువగా ఉన్నప్పుడు, అంటే అణువుకు శక్తి చేరడమే అడ్డంకిగా ఉన్న పరిస్థితిలో, కేవిటీ పౌనఃపున్యం బావి అడుగున ఉండే కంపనంతో సరిపోయిన చోట రేటు సన్నటి శిఖరంలా పెరిగింది. అంతకు ముందు గ్రోట్–హైన్స్ సిద్ధాంతంతో (ఘర్షణ వల్ల బారియర్ దాటి వెనక్కి రావడాన్ని లెక్కలోకి తీసుకునేది) చేసిన లెక్కల్లో ప్రభావం బారియర్ పైభాగపు పౌనఃపున్యం చుట్టూ, బాగా వెడల్పుగా వచ్చేది. ప్రయోగాల్లో కనబడేది మాత్రం రియాక్టెంట్ కంపనం దగ్గర సన్నటి అనునాదం. ఆ లెక్కన 2023 ఫలితం పెద్ద అడుగే. కానీ ఇక్కడా అసలు తిరకాసు ఒకటుంది: వాళ్ల లెక్క కూడా ఒక్క అణువుకే, ప్రభావం కూడా పెరుగుదలే. తొలి ప్రయోగాల్లో ప్రముఖమైన 2016 ఫలితంలో, సిలైల్ గ్రూపును తొలగించే చర్య కేవిటీలో ఐదు రెట్లకు పైగా నెమ్మదించింది.

పదివేల కోట్ల అణువులున్నప్పుడు ఏం జరుగుతుంది? ఒక మోడ్, ఎన్ అణువులు ఉంటే ఒక్క ఉత్తేజం పరిధిలో ఎన్ ప్లస్ ఒకటి స్థితులు. వాటిలో కాంతి కలిసినవి పైన ఒకటి, కింద ఒకటి, రెండే; వీటినే పొలారిటాన్లు అంటారు. మిగిలిన ఎన్ మైనస్ ఒకటి డార్క్ స్టేట్లు. వాటికి కాంతితో సంబంధం లేదు, శక్తి విడి అణువుదే. ఒక్క అణువు మోడల్‌లో డార్క్ స్టేట్ ఒక్కటి కూడా ఉండదు. ఎన్ ఒకటి దగ్గర ఎన్ మైనస్ ఒకటి సున్నా కదా. నిజమైన నమూనాలో జనాభా దాదాపు అంతా వాటిలోనే ఉంటుంది. పొలారిటాన్ 83 వేవ్‌నంబర్లు కిందికి దిగినా, ఉష్ణశక్తి 208 ఉన్నచోట బోల్ట్‌జ్‌మన్ లాభం (శక్తి తగ్గినందుకు పెరిగే జనాభా) ఒకటిన్నర రెట్లే. అటువైపు పదివేల కోట్ల స్థితులు. పొలారిటాన్ మీద కూర్చుని చర్య జరుగుతుందనే బొమ్మ ఎంత అందంగా గీసినా ఈ ఎంట్రోపీ ముందు నిలవదు.

ఒక్క అణువు నుంచి నేరుగా 10¹¹కి ఎవరూ వెళ్లలేరు. చేయాల్సింది ఏమిటంటే, గుంపు కప్లింగ్‌ని స్థిరంగా ఉంచి ఎన్ పెంచడం. ఎన్ ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ప్రతిసారీ జిని ఎన్ వర్గమూలంతో భాగించాలి. ప్రతి లెక్కలోనూ స్పెక్ట్రం దాదాపు ఒకేలా కనబడుతుంది. రేటులో మార్పు మాత్రం ఎన్‌తో పాటు తగ్గిపోతోందా, ఒక విలువ దగ్గర నిలుస్తోందా అన్నది చూడండి. ఒకటి బై ఎన్ లెక్కన తగ్గిపోతుంటే అది ఒక్క అణువు ప్రభావం, పెద్ద ఎన్ దగ్గర మాయమవుతుంది. నిలిచిందంటే అప్పుడు నిజంగా రాయడానికి విషయం ఉన్నట్టు. మొత్తం పేపర్‌లో నేను రివ్యూయర్‌గా మొదట వెతికే గ్రాఫ్ ఇదే. లేకపోతే అడుగుతాను.

ఇక్కడ కంప్యూటర్ మెమరీ గొడవ వస్తుంది. ప్రతి అణువుకు 6 కంపన స్థాయిలు, ఒక్క ఉత్తేజం అనుకుందాం. బేసిస్ పరిమాణం ఎన్ ప్లస్ ఒకటి, ఇంటూ 6 పవర్ ఎన్. నాలుగు అణువులకు 6480, ల్యాప్‌టాప్ పని. ఎనిమిదికి కోటిన్నర, వేవ్ ఫంక్షన్ 240 మెగాబైట్లే, ఫర్వాలేదు. పన్నెండుకు 2800 కోట్లు దాటి 450 గిగాబైట్లు. అది వేవ్ ఫంక్షన్ ఒక్కదానికే. మీరిప్పుడు క్యూటిప్‌లో మాస్టర్ ఈక్వేషన్ సాల్వర్‌తో నడుపుతున్నది డెన్సిటీ మ్యాట్రిక్స్ (నష్టాలతో సహా స్థితిని రాసే పట్టిక). దాని పరిమాణం ఈ సంఖ్యకు వర్గం. ఎనిమిది అణువులకే 3.7 పెటాబైట్లు! కాబట్టి డెన్సిటీ మ్యాట్రిక్స్‌తో నాలుగు దాకా వెళ్లి ఆగండి. ఆపైన వేవ్ ఫంక్షన్‌లోకి మారాలి.

మారితే కేవిటీ నష్టాన్ని ఎక్కడ పెట్టాలన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ముందు, నష్టాన్ని వదిలేయడం కుదరదు. ఒక గుర్తు పెట్టుకోదగ్గ అంకె: మోడ్ వెడల్పు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటే, 658ని దానితో భాగించండి, ఫోటాన్ జీవితకాలం ఫెమ్టోసెకండ్లలో వస్తుంది. 30 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పుకు 22 ఫెమ్టోసెకండ్లు. ఇప్పుడు జెవైల్ ఫెమ్టోకెమిస్ట్రీతో ప్రసిద్ధమైన సోడియం అయొడైడ్‌ని తలచుకోండి. అయానిక్, కోవలెంట్ వక్రాలు దాదాపు 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కలుసుకుంటాయి, వేవ్ ప్యాకెట్ ఒకసారి వెళ్లి రావడానికి పికోసెకండ్‌కి పైనే పడుతుంది. అది తిరిగొచ్చేసరికి ఫోటాన్ ఎప్పుడో వెళ్లిపోయింది. నష్టంలేని కేవిటీలో పికోసెకండ్ల పాటు రాబి ఊగిసలాట చూపించే గ్రాఫ్ చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఇన్‌ఫ్రారెడ్‌లో పరిస్థితి కొంత నయం: 25 వేవ్‌నంబర్ల వెడల్పుకు 0.2 పికోసెకండ్లు.

ఒక్క ఉత్తేజం పరిధిలో, ఫోటాన్ పోయాక గ్రౌండ్ స్టేట్‌లో ఏం జరుగుతుందో మీకు అక్కర్లేకపోతే, ఫోటాన్ ఉన్న స్థితుల శక్తికి ఊహాత్మక భాగంగా మోడ్ వెడల్పులో సగాన్ని మైనస్ గుర్తుతో చేర్చండి. ఉత్తేజిత స్థితుల జనాభాకు ఇది లిండ్‌బ్లాడ్‌తో (నష్టాలున్న డెన్సిటీ మ్యాట్రిక్స్ సమీకరణంతో) కచ్చితంగా సమానం, ఖర్చు వేవ్ ఫంక్షన్‌దే. గ్రౌండ్ స్టేట్‌కి తిరిగొచ్చిన జనాభా కూడా కావాలంటే క్వాంటం జంప్ ట్రాజెక్టరీలు (ఫోటాన్ పోయే క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచి, వేవ్ ఫంక్షన్‌ని చాలాసార్లు నడిపి సగటు తీయడం) వాడండి. గుంపు కప్లింగ్ పౌనఃపున్యంలో పదో వంతు దాటుతుంటే మాత్రం జాగ్రత్త. మామూలు లిండ్‌బ్లాడ్ పదంలో ఫోటాన్ ఆపరేటర్‌ని అలాగే పెడితే, సున్నా ఉష్ణోగ్రతలో, గ్రౌండ్ స్టేట్ నుంచి కూడా ఫోటాన్లు కారుతూనే ఉంటాయి. ఊరికే శక్తి పుట్టుకొచ్చినట్టు. అక్కడ నష్టాన్ని పూర్తి హామిల్టోనియన్ ఐగెన్ స్థితుల్లో రాయాలి.

ఫోటాన్ స్థాయిలు రెండు సరిపోతాయా అని అడిగారు. అది హామిల్టోనియన్ రూపాన్ని బట్టి ఉంటుంది. పౌలీ–ఫియర్జ్‌లో శాశ్వత డైపోల్ ఆసిలేటర్‌ని పక్కకు జరుపుతుంది. జరిగిన ఆసిలేటర్‌లో సగటు సంఖ్య: లాంబ్డా, డైపోల్ లబ్ధాన్ని వర్గం చేసి, రెండు ఒమేగాతో భాగించాలి. లాంబ్డా 0.05, డైపోల్ 4 అటామిక్ యూనిట్లు (సుమారు 10 డెబై), ఒమేగా 0.0079 పెట్టి చూడండి: 2.5 వస్తుంది. సగటే రెండున్నర అయితే రెండు స్థాయిలు ఎలా సరిపోతాయి? పది, పన్నెండు కావాలి. ఇవి బయటికి వచ్చే నిజమైన కాంతి కావు, ఎంచుకున్న గేజ్‌లో (కాంతిని, పదార్థాన్ని విడదీసి రాసే తీరులో) ఆసిలేటర్ జరగడం వల్ల కనబడే సంఖ్య. “గ్రౌండ్ స్టేట్‌లో రెండున్నర ఫోటాన్లు ఉన్నాయి” అని రాస్తే ఆప్టిక్స్ వాళ్లు నవ్వుతారు. రిఫరెన్స్ డైపోల్ దగ్గరికి ఆసిలేటర్‌ని ముందే జరిపి బేసిస్ కట్టుకుంటే స్థాయిలు మళ్లీ మూడు నాలుగుకు దిగుతాయి.

ఇన్‌పుట్‌ల విషయంలో కొత్తవాళ్లు వారాల తరబడి తల బద్దలు కొట్టుకునేది ట్రాన్సిషన్ డైపోల్ గుర్తు దగ్గర. ఎలక్ట్రానిక్ స్ట్రక్చర్ ప్రోగ్రాం ప్రతి జ్యామితి దగ్గరా వేవ్ ఫంక్షన్ గుర్తును తన ఇష్టం వచ్చినట్టు పెడుతుంది. స్కాన్ చేసిన డైపోల్ వక్రం 1.2, 1.25, మైనస్ 1.3, 1.34 అంటూ గెంతుతుంటే దాన్ని స్ప్లైన్‌కి ఇచ్చేయకండి. పక్క జ్యామితితో ఓవర్‌లాప్ చూసి గుర్తు సరిచేయాలి. అవాయిడెడ్ క్రాసింగ్ (రెండు శక్తి వక్రాలు దగ్గరికొచ్చి కలవకుండా విడిపోయే చోటు) దగ్గర ఇంకా జాగ్రత్త, అక్కడ నిజంగానే గుర్తు మారవచ్చు. డయాబాటిక్ స్థితుల్లోకి (జ్యామితి మారినా స్వభావం మారని ఎలక్ట్రానిక్ స్థితుల్లోకి) మారిస్తే సుఖం. అణువుకు చార్జ్ ఉంటే డైపోల్ మూలబిందువు మీద ఆధారపడుతుంది. మూలబిందువు జరిపి మళ్లీ నడపండి, కొలవగలిగే ఫలితం ఏదీ మారకూడదు. మారిందంటే సెల్ఫ్ ఎనర్జీలోనో, ఫోటాన్ బేసిస్‌లోనో లోపముంది. తక్కువ ఖర్చుతో ఇంత నమ్మకమైన పరీక్ష ఇంకోటి లేదు. సెల్ఫ్ ఎనర్జీ విషయంలో ఇంకొక్క మాట: డైపోల్ వర్గం సగటు, సగటు డైపోల్ వర్గం ఒకటి కావు. ఎలక్ట్రాన్ల ఒడిదుడుకుల భాగం మొదటిదాంట్లోనే ఉంటుంది. రెండు ఎలక్ట్రానిక్ స్థితులే పెట్టుకుని మ్యాట్రిక్స్‌ని వర్గం చేస్తే, అందులో మిగతా స్థితుల నుంచి వచ్చే భాగం పోతుంది.

రెండు పరమాణువుల అణువైతే తిరగడాన్ని ఆపేశారా లేదా కూడా చెప్పండి. కప్లింగ్ అక్షానికి, ధ్రువణ దిశకు మధ్య కోణం మీద ఆధారపడుతుంది. లంబంగా ఉన్నప్పుడు సున్నా. ఆ కోణాన్ని కూడా చలరాశిగా తీసుకుంటే కాంతి వల్ల పుట్టే కోనికల్ ఇంటర్‌సెక్షన్ (రెండు శక్తి ఉపరితలాలు ఒక బిందువు దగ్గర తాకడం) వస్తుంది, కోణాన్ని బిగించేస్తే ఉత్త అవాయిడెడ్ క్రాసింగ్ మిగులుతుంది. రెండింటి గతి వేరు.

ఇప్పుడు మెథడ్. మీది చీకట్లో జరిగే గ్రౌండ్ స్టేట్ చర్య కాబట్టి నా సలహా హెచ్ఈఓఎం. ఒకటి రెండు అణువులకు రెండు బావుల మోడల్‌తో, బాత్ ఘర్షణను తక్కువ నుంచి ఎక్కువకు మారుస్తూ చేయండి. రేటు అన్నది మెల్లగా వచ్చే సంఖ్య. ఫెమ్టోసెకండ్లలో ఊగే జనాభా చూసి రేటు అనకూడదు. ఫ్లక్స్ కోరిలేషన్ (బారియర్ దాటే ప్రవాహం కాలంతో ఎలా మారుతోందో చెప్పే వక్రం) చదునుగా నిలిచేదాకా నడవాలి. ఎంసీటీడీహెచ్, మరీ ముఖ్యంగా దాని బహుళ అంచెల రూపం, ఫోటోకెమిస్ట్రీకి బంగారం. పదుల సంఖ్యలో అణువులను వేగంగా జరిగే ప్రక్రియకు నడపగలదు. కానీ మీకు కావలసిన నెమ్మది ఉష్ణ రేటుకు దాన్ని లాగడం కష్టం. అణువులన్నీ ఒకేలాంటివైతే వాటి సౌష్ఠవాన్ని వాడుకోవడం ఇంకో మంచి దారి. 2023లో యుయెన్-జౌ బృందం చూపించినట్టు, పెద్ద ఎన్ దగ్గర మొదటి ఉత్తేజపు గతి కొద్ది అణువుల మోడల్‌కి దిగొస్తుంది. అప్పుడు 10¹¹ అన్న సంఖ్య భయపెట్టదు.

సర్ఫేస్ హాపింగ్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను: గ్రౌండ్ స్టేట్ కంపన చర్యకు అది పనిముట్టే కాదు. ఉత్తేజిత స్థితుల్లో వాడినా, డార్క్ స్టేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండి క్షణక్షణం దాటుకుంటాయి, ట్రాజెక్టరీ అనవసరంగా గెంతుతుంది. ద్రావణి అణువులన్నింటితో సహా నడపాలంటే క్లాసికల్ కేవిటీ మాలిక్యులర్ డైనమిక్స్ ఉంది. 2020లో ద్రవ నీటి మీద చేశారు. స్పెక్ట్రం చక్కగా వస్తుంది, రేటు మీద ఆశ పెట్టుకోకండి. ఇన్‌ఫ్రారెడ్‌లో కంపన క్వాంటం ఉష్ణశక్తికి ఎనిమిది రెట్లు ఉన్నప్పుడు క్లాసికల్ గతికి హద్దులుంటాయి.

ప్రయోగంతో సరిపోయింది అన్న మాట మీద ఎక్కువ ఆధారపడకండి. మొహాలీ ఐసర్‌లో జినో జార్జ్ బృందం, స్ట్రాస్‌బర్గ్ వాళ్లతో కలిసి 2019లో ద్రావణిని కేవిటీకి కపుల్ చేసి చర్య వేగం పెరిగిందని ప్రకటించింది. 2021లో రెండు వేర్వేరు అమెరికన్ బృందాలు ఇలాంటి వేగపు పెరుగుదలలను మళ్లీ రాబట్టడానికి ప్రయత్నించి, చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదని రాశాయి. 2023లో అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాల నుంచి, ఫినైల్ ఐసోసయనేట్, సైక్లోహెక్సనాల్ చర్య కేవిటీలో నెమ్మదిస్తుందని కొత్త ఫలితం వచ్చింది. అంటే ప్రయోగం వైపు కూడా వాదన ముగియలేదు. మీ కప్లింగ్‌ని అటూ ఇటూ తిప్పి ఏదో ఒక ప్రయోగపు అంకెను పట్టుకోవడం కష్టమేమీ కాదు, దానివల్ల మీ యాంత్రిక వివరణ నిజమని తేలదు.

ఇప్పుడున్న లెక్కలతోనే పేపర్ రాయాలన్న ఒత్తిడి ఉంటే, శీర్షికలో, సారాంశంలో ఒక్క అణువు పరిమితి అని రాసి, ఘనపరిమాణం ఎంతో అంకె ఇచ్చి, నానో కేవిటీకి వర్తిస్తుందని చెప్పండి. అది మర్యాదైన పేపరే. ఫాబ్రీ–పెరో ప్రయోగాన్ని వివరించామని రాయాలంటే ముందు ఎన్ ఒకటి, రెండు, నాలుగు లెక్కలు నడపండి. గుంపు కప్లింగ్ స్థిరంగా, సెల్ఫ్ ఎనర్జీతో, నష్టంతో, కేవిటీని అనునాదం నుంచి పక్కకు జరిపినవి కూడా. ఆ వక్రాలన్నీ ఒకే గ్రాఫ్‌లో పెట్టి, డైపోల్ వక్రంతో పాటు ఇక్కడ పంచుకోండి. హెచ్ఈఓఎంలో ఎన్ని అంచెలు కావాలో ఆ అంకెలు చూసి చెప్పగలను.